నల్లమల సఫారీ, కృష్ణలో లాంచీ: రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే

చిరంజీవి శ్రీకాంత్‌కు,

స్నేహితులంతా కలిసి నల్లమలలో సఫారీ, కృష్ణలో లాంచీ ఒకేసారి చుట్టేయాలనుకుంటున్నారని అమ్మ చెప్పింది. బండి సంగతి తర్వాత, ముందు నెల తేల్చుకోండి. అడవికి మంచి కాలం నదికి మంచి కాలం కాదు. ఎండాకాలంలో ఆకు రాలి, వాగులు ఎండి, జంతువులు నీటి తొట్ల దగ్గరికి వస్తాయి కాబట్టి కనబడతాయి. అప్పటికి నాగార్జునసాగర్‌లో నీళ్లు దిగిపోయి ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో జలాశయాలు నిండుతాయి, కానీ జూలై నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో సఫారీ మూసేస్తారు. రెండూ దొరికేది అక్టోబరు నుంచి జనవరిదాకానే, అదీ ఆ ఏడు కృష్ణకు వరద వస్తేనే. ఆ నెలల్లో పొదలు ఒత్తుగా ఉంటాయి, పులి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పులే కావాలంటే పడవ ఊసెత్తకుండా ఏప్రిల్‌లో వెళ్లండి. రెండూ కావాలంటే నా ఓటు డిసెంబరుకు. కార్తీకం మాత్రం వద్దు. సోమవారాలూ, శని ఆదివారాలూ శ్రీశైలంలో గది దొరకదు, రోప్‌వే దగ్గర వరసే గంటలు తింటుంది.

పడవల్లో రెండు రకాలున్నాయి, చాలామంది ఒకటే అనుకుని తికమకపడతారు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్లే లాంచీ డ్యామ్ దిగువన లింగాలగట్టు దగ్గర దింపుతుంది. దాదాపు రోజంతా నీళ్ల మీదే. అది రోజూ ఉండదు, తగినంతమంది బుక్ చేసుకుంటేనే కదులుతుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, 575 కిందికి దిగిందంటే ప్రయాణం అనుమానమే. మట్టం పేపర్లో రోజూ వేస్తారు, వారం ముందు నుంచీ చూస్తూ ఉండు. ఇంకో చిక్కు కారు. మీరు లాంచీ ఎక్కితే అది సాగర్‌లోనే ఉండిపోతుంది. డ్రైవర్ దేవరకొండ, డిండి, మన్ననూర్ మీదుగా తిప్పుకుని శ్రీశైలం రావాలి. మీలో ఒకడు నడుపుతుంటే వాడికి పడవ లేనట్టే. అందుకే ఈ పద్ధతికి డ్రైవర్‌ను మాట్లాడుకోవాలి.

రెండోది డ్యామ్ ఎగువన, పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు వెళ్లే పడవ. సగం రోజు చాలు, కారు శ్రీశైలంలోనే ఉంటుంది, సఫారీతో కలపడానికి ఇదే తేలిక. గుహ లోపలికి పోయేకొద్దీ దారి ఇరుకై చీకటిగా ఉంటుంది, చివర్లో వంగి, పాకి వెళ్లాలి. టార్చ్ తీసుకెళ్లండి. ఊపిరాడదని భయపడే వాళ్లు బయట ఉండిపోవడం మేలు. పాతాళగంగకు దిగే మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రోప్‌వే.

శ్రీశైలం రోడ్డు విషయంలో ఒకటే మాట. మన్ననూర్ దాటాక అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు బంద్. ఆఫీసు అయ్యాక బయల్దేరి అర్ధరాత్రికి శ్రీశైలం చేరదామనుకునేవాళ్లు గేటు దగ్గర కార్లో పడుకుంటారు. ముందురోజు సాయంత్రానికే మన్ననూర్ చేరి అక్కడే పడుకోండి, పొద్దున సఫారీ ట్రిప్పుకు ఇదొక్కటే దారి. ట్యాంకు హాజీపూర్ లోపే నింపండి. లోపల సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, గది బుకింగూ సఫారీ టికెట్టూ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, అందరి ఆధార్లూ దగ్గరుండాలి. దోమలపెంట దాటాక ఘాట్‌లో మలుపులు ఎక్కువ. వాంతులయ్యేవాళ్లు గంట ముందు మాత్ర వేసుకోవాలి, దాంతో మత్తు వస్తుంది కాబట్టి నడిపేవాడు ముట్టకూడదు.

అమ్రాబాద్ రిజర్వ్‌లోని ఫరహాబాద్ సఫారీకి పొద్దున ట్రిప్పే తీసుకోండి. ఎండ ఎక్కితే దుప్పులు కూడా నీడ పట్టి కదలవు. ఒక జీపులో సరిపోకపోతే మాట్లాడేవాళ్లనూ ఫొటోలు తీసేవాళ్లనూ వేర్వేరు జీపుల్లో కూర్చోబెట్టు, నవ్వుతూ చెప్పట్లేదు. అడవిలో కళ్లకంటే ముందు చెవులు పని చేస్తాయి. కొండముచ్చు గట్టిగా ఖర్ర్‌మని దగ్గినట్టు అరిచినా, చుక్కల దుప్పి పదేపదే కూసినా ఇంజన్ ఆపమనండి. దుప్పి ఊరికే కూడా బెదురుతుంది. కణుజు (సాంబర్) ‘డాంక్’ అని ఆగి ఆగి అరుస్తూ ఒకే వైపు చూస్తుంటే మాత్రం చిరుతో పులో దగ్గర్లో ఉన్నట్టే. ఐదు పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఎక్కువమంది రెండు నిమిషాలకే ‘పోనీ పోనీ’ అంటారు, ఆ తర్వాత జంతువు దారి దాటుతుంది. చెంచు గైడు దొరికితే అతను చూపిన వైపే చూడండి, ఎలుగు గోళ్ల గీతలు, పాదముద్రలు అతనికి కనబడినంత మనకు కనబడవు. బైనాక్యులర్ 8×42 ఒకటి ఇద్దరికి చాలు. తెలుపు, ఎరుపు బట్టలు వద్దు, సెంటు అసలే వద్దు. జీపు దిగకూడదు, కోతులకు ఏమీ పెట్టకూడదు. ప్లాస్టిక్ సీసాలు అడవిలోకి రానివ్వరు, తలా ఒక లీటర్ స్టీల్ సీసా.

ఇక నీళ్ల మీద. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది వరద సమయంలోనే. ఎగువన గేట్లు ఎత్తారంటే, డబ్బు పోయినా సరే, ఎక్కొద్దు. లైఫ్ జాకెట్ వేసుకోవడం వేరు, బిగించుకోవడం వేరు. అన్ని బకిల్స్ పెట్టాక పక్కవాడు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ గడ్డం దాకా లేచిందంటే నీళ్లలో అది తలమీంచి ఊడివస్తుంది, పట్టీలు ఇంకా బిగించాలి. ఉక్కపోస్తోందని మధ్యలో తీసేసేవాళ్లే ఎక్కువ. మొసలి కనబడిందని అందరూ ఒక పక్కకు పోవద్దు, ముఖ్యంగా పై డెక్ మీద. బరువు ఎత్తులో ఉంటే పడవ త్వరగా ఒరుగుతుంది. కృష్ణలో మొసళ్లున్నాయి, కాళ్లు వేలాడదీయడం, ఒడ్డున ఈతలు కుదరవు. నీళ్లు తగ్గినప్పుడు రేవు కిందికి జరుగుతుంది, ఒడ్డంతా బురద జారుతుంది, చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. పొద్దుటి పడవే ఎక్కండి, మధ్యాహ్నం గాలి లేస్తే అలలు పెరుగుతాయి.

డబ్బు బయల్దేరే ముందే పోగు చేయి. సఫారీకీ గదికీ కట్టాక లాంచీ రద్దయితే వెనక్కి ఎంత వస్తుందో బుక్ చేసేటప్పుడే అడుగు, రానిది అందరూ సమానంగా పంచుకోవాలని గ్రూపులో రాసి పెట్టు. చివరి నిమిషంలో మానేసేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, వాడి వాటా కూడా ముందే తీసుకో.

మీ బాబాయి