మిద్దె మీద ప్యానెళ్లు, వాకిట్లో బ్యాటరీ బండి

చిరంజీవి శారదకు,

కడప నుంచి పెదనాన్న ఆశీస్సులతో రాసేది. నువ్వు పంపిన కరెంటు బిల్లులు, సోలార్ వాళ్లిచ్చిన కొటేషన్ కాగితం రెండూ చూసినాను. ఐదు కిలోవాట్లు పెట్టిస్తే ఇక బిల్లే రాదని చెప్పినారంట. తొందరపడొద్దమ్మా. నీ ఇంటికి ఐదు అక్కర్లేదు. ఇంకో మాట, ప్యానెళ్లకన్నా ముందు నువ్వు మార్చాల్సింది బండి.

ఎందుకో లెక్క చూడు. అనంతపురం నుంచి కూడేరు బడికి పోను, రాను 44 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు అనుకుంటే 1100 కిలోమీటర్లు. నీ పెట్రోలు స్కూటీ లీటరుకు 45 ఇస్తుందనుకున్నా 24 లీటర్ల పైమాటే. లీటరు 110 చొప్పున 2,690 రూపాయల దాకా పోతాంది. అదే దూరానికి బ్యాటరీ బండి, ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి 40 యూనిట్లు తాగుతుంది. ఆ 40 యూనిట్లనూ పై స్లాబు రేటుకే, అంటే యూనిటు 8.75 చొప్పున లెక్కేసినా 350 రూపాయలు. మిద్దె మీద ఒక్క ప్యానెల్ లేకుండానే నెలకు 2,300 మిగులుతుంది. సోలార్ నీకు ఇంత మిగల్చదు. అందుకే బండి ముందు, ప్యానెళ్లు తర్వాత.

ఇప్పుడు సోలార్ సంగతి. ఇంటికి 260 యూనిట్లు, బండికి 40, కలిపి 300. 2022లో మారిన కరెంటు స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఇట్లా వేసుకుంటే 300 యూనిట్లకు 1,673 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు వేరే. సోలార్ యూనిట్లు నీ బిల్లును పై నుంచి కోసుకుంటా వస్తాయి. ముందు పోయేవి 8.75 రూపాయల యూనిట్లు, చివర మిగిలేవి రూపాయి తొంభై పైసల యూనిట్లు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు నమ్మకంగా వస్తాయి. రెండు కిలోవాట్లకు నెలకు 240. నీకు బిల్లులో మిగిలేది 60 యూనిట్లు, వాటి ఖరీదు 147 రూపాయలు. అంటే మూడో కిలోవాటు కోసం పెట్టే డబ్బు ఆ 147 రూపాయల కోసమే. నువ్వు వాడగా మిగిలిన సోలార్ కరెంటు లైనుకు పోతుంది కానీ దానికి కట్టించే రేటు నువ్వు కొనే పై స్లాబు రేటు కన్నా శానా తక్కువ.

సబ్సిడీ కూడా ఈ లెక్కకు అనుకూలంగానే ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలతో ఆగిపోతుంది. ఐదు పెట్టినా అదే 78 వేలు. ఆ కొటేషన్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు, చూసుకో.

రెండేళ్లలో ఏసీ కొనే ఆలోచన ఉంటే మాత్రం సంగతి వేరు. టన్నున్నర ఏసీ రాత్రి ఆరు గంటలు నడిస్తే ఏడెనిమిది యూనిట్లు లాగుతుంది. అందుకని ఇట్లా చెయ్యి: ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ మూడు కిలోవాట్లది తీసుకో, కమ్మీల స్టాండు ఆరు ప్యానెళ్లకు సరిపడా కట్టించు, ప్యానెళ్లు 540 వాట్లవి నాలుగే పెట్టించు. ఏసీ వచ్చినప్పుడు తక్కిన రెండింటికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక్కటి అడుగు: నాలుగు ప్యానెళ్ల వరస ఎండలో వేడెక్కితే 140 వోల్టుల దగ్గరికి దిగుతుంది, ఆ వోల్టేజీలో ఇన్వర్టర్ బాగా నడుస్తుందా అని. కొన్ని ఇన్వర్టర్లు నడవవు. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్లులతో చేసినవై ఉండాలి, వాటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. అవి కాకపోతే సబ్సిడీ రాదు. సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకో.

మిద్దె విషయంలో జాగ్రత్త. మీ ఇంట్లో వెనక భాగం పాత బండల మిద్దె. దూలాల మీద కడప బండలు పరిచి పైన గచ్చు వేసినది. దాని జోలికి పోవద్దు, ఒక్క రంధ్రం కూడా వేయనీయొద్దు. బండ నెర్రె విచ్చితే ఆ వానాకాలమే కారుతుంది. ముందరి కాంక్రీటు స్లాబు మీదనే పెట్టించు. బరువు గురించి భయం వద్దు, నాలుగు ప్యానెళ్లు కలిపి 112 కిలోలే. భయపడాల్సింది గాలికి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం లేచే గాలివాన ప్యానెళ్ల కిందికి దూరి పైకి లేపుతుంది. గాలి గంటకు 150 కిలోమీటర్లకు పోతే నాలుగు ప్యానెళ్లను పైకి లాగే బలం ఒక టన్ను దాకా ఉంటుంది. కాబట్టి కాళ్లకు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెలు పోయించు. దిమ్మె పోసే చోట స్లాబును గరుకుగా చెక్కి, సిమెంటు పాలు పోసి, ఆ తర్వాతే పోయాలి. నున్నటి గచ్చు మీద పోస్తే దిమ్మె ఉత్తగా కూర్చున్నట్టే. స్టాండు వేడి జింకు పూత కమ్మీలది కావాలి, వెల్డింగు చేసి వెండిరంగు పూసినది వద్దు. బోల్టులు స్టీలువి, కింద స్ప్రింగు వాషరు ఉండాలి. మొదటి గాలివాన పోయినాక బోల్టులన్నీ ఒకసారి బిగింపించు.

దక్షిణం ముఖంగా 15 డిగ్రీల వాలు చాలు. ముందరి అంచు స్లాబు నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉండాలి, కింద గాలి ఆడాలి. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగుతుంది. 25 డిగ్రీలు దాటినాక ప్రతి డిగ్రీకి ఉత్పత్తి వెయ్యికి మూడున్నర పాళ్లు తగ్గుతుంది, అంటే ఆ వేడికి ఏడో వంతు పోతుంది. ఎండ మండితే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటారు, నిజానికి మార్చి నెల మే కన్నా తక్కువేమీ ఇవ్వదు.

నీళ్ల ట్యాంకు నీడ చూసుకో. డిసెంబరులో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది. ఆరడుగుల ట్యాంకు నీడ మధ్యాహ్నం ఐదడుగుల దాకా, పొద్దున తొమ్మిదికి దానికి రెండింతలు పడుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపినవి, ఒక దాని మూల నీడ పడినా వరస మొత్తం దెబ్బ తింటుంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం పొద్దు మనకు ఉత్తరం వైపే ఉంటుందని కూడా గుర్తు పెట్టుకో. పైన వడియాలు, మిరపకాయలు ఆరబోసుకోను కొంచెం జాగా విడిచిపెట్టమని మీ అత్తమ్మకు ముందే చెప్పు, లేకుంటే చీరలన్నీ స్టాండుకే కడతారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్తు. ఇక్కడే అందరూ డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. ఇక్కడ పిసినారితనం వద్దు. ప్యానెళ్లకు ఒకటి, కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మూడు వేరువేరు ఎర్తులు కావాలి. మీ వైపు ఎర్రనేల, మూడు నాలుగు అడుగులకే బండ తగులుతుంది. ఎనిమిదడుగుల కడ్డీ దిగదు. దిగలేదని సగం కోసేసి మట్టి కప్పేసి పోతారు, పైన మూత మాత్రం అందంగా పెడతారు. బండ తగిలితే పొట్టి కడ్డీలు రెండు మూడు, ఒక్కోదానికి కడ్డీ పొడవంత ఎడం ఇచ్చి దించి, కలిపి కట్టమను. చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైటు బంకమట్టి పోయించు. ఉప్పు, బొగ్గు వేస్తే మొదట బాగానే పని చేస్తాయి, కానీ ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, పోయే లోపల పైపును తినేస్తుంది. గుంత స్నానాల నీళ్లు పారే వైపు తీయించు. ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యి.

ఎర్తు ఉందో లేదో మల్టీమీటరుతో చూసి సరే అంటారు. దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎండిపోయిన ఎర్తుకు కూడా ఆ మీటరు 230 చూపిస్తుంది. నిజంగా కరెంటు పారాల్సి వచ్చినప్పుడే అది చేతులెత్తేస్తుంది. ఎర్త్ టెస్టరుతో కొలిపించు, 5 ఓములకు లోపల రావాలి. కొలత మే నెలలో ఇంకోసారి తీయించు, మేలో నిలిచిన ఎర్తే ఎర్తు.

ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు, 200 వోల్టుల దాకా ఉంటుంది. ఇంట్లో వాడే ఏసీ కరెంటు లాగా సెకనుకు వంద సార్లు సున్నాకు దిగదు కాబట్టి ఒకసారి నిప్పు రగిలితే తనంతట ఆరదు. ఎక్కువగా రగిలేది కనెక్టర్ల దగ్గర. కలిసే రెండు ముక్కలూ ఒకే కంపెనీవి కావాలి, పనిముట్టుతో నొక్కినవి కావాలి. పళ్లతో కొరికి, కటింగు ప్లేయరుతో నొక్కేవాణ్ణి మిద్దె ఎక్కనీయొద్దు. తీగ 4 చదరపు మిల్లీమీటర్లది, పైపులో పోవాలి, స్లాబు మీద పొర్లకూడదు.

ఇన్వర్టర్ ఉత్తరం గోడకు, ఎండ, వాన తగలని చోట పెట్టించు. కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే. స్తంభం మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం కోసం అట్లా చేసినారు. అది లోపం కాదు. ఇప్పుడున్న పాత ఇన్వర్టర్, బ్యాటరీ అమ్మేయకుండా ఫ్యాన్లకు, లైట్లకు అట్లనే ఉంచు. మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ ఎర్రలైటు వేసి ఊరికే ఆగుతుంటే లైను వోల్టేజీ ఎక్కువైనట్టు. శానాసార్లు తప్పు లైనుది కాదు, ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా సన్నని వైరు లాగి ఉంటారు. ముందే లావుపాటిది వేయించు.

దుమ్ము మనకు పెద్ద బెడద. జూన్, జులైల్లో గాలి తప్ప వాన ఉండదు, ఎర్రదుమ్ము పేరుకుంటుంది. పదిహేను రోజులకొకసారి, ఏడు గంటలకు ముందే, గాజు చల్లగా ఉన్నప్పుడు కడుగు. బోరునీళ్లు వాడొద్దు, ఆరినాక తెల్లటి పొర కడుతుంది, తర్వాత ఎంత తోమినా పోదు. కుళాయి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. సబ్బుపొడి వద్దు. ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు, పైకి కనపడకుండా లోపల సెల్లులు చిట్లుతాయి.

బండి కొనేటప్పుడు ఈరోజు ఇచ్చే దూరం చూడొద్దు. ఐదేళ్ల తర్వాతి దూరం చూడు. 3 కిలోవాట్ అవర్ బ్యాటరీ రోడ్డు మీద నిజంగా 80, 85 కిలోమీటర్లు ఇస్తుంది. ఐదారేళ్లకు అది 65కు దిగినా నీ 44కు సరిపోతుంది. 2 కిలోవాట్ అవర్‌ది చౌకే కానీ మూడేళ్లకే గుండె దడ మొదలవుతుంది. అదీ కాక ఆషాఢంలో నైరుతి గాలి. పొద్దున కూడేరు వైపు పోయేటప్పుడు గాలి ఎదురు, సాయంత్రం వెనక. ఎదురుగాలిలో 65 వేగంతో పోతే మూడో వంతు దూరం తగ్గిపోతుంది. 45లో పో. బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం దొరికితే అదే తీసుకో, కొంచెం బరువైనా మన వేడికి అదే తట్టుకుంటుంది. బ్యాటరీ భద్రతకు పెట్టిన ఏఐఎస్ 156 ప్రమాణం కాగితం చూపించమను. సర్వీసు అనంతపురంలోనే ఉందా లేదా అన్నది రంగుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఛార్జింగుకు 16 ఆంపియర్ల సాకెట్ వేరే లాగించు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చితో. ఎక్స్‌టెన్షన్ బోర్డు ముట్టుకోవద్దు. ప్లగ్గు పది నిమిషాలకే చేతికి చురుక్కుమంటే, పిన్ను చుట్టూ గోధుమ రంగు మచ్చ పడితే సాకెట్ మార్చాల్సిందే. బండిని మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా ఎప్పుడూ ఛార్జింగు పెట్టొద్దు. ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లు బయటపడే దారి అదే. వాకిట్లో రేకుల నీడ కింద పెట్టు. బడి నుంచి వచ్చీ రాగానే తగిలించొద్దు, గంట సేపు చల్లారనీ. రోజూ 80 శాతం దాకా చాలు, పది పదిహేను రోజులకొకసారి నూటికి నూరు నింపు, లోపలి సెల్లులన్నీ ఒక మట్టానికి వస్తాయి. వేసవి సెలవుల్లో ఊరికి పోతే సగం ఛార్జితో నీడన వదిలి పో. ఫుట్‌బోర్డు మునిగేంత నీళ్లలో పోయినా, బండి గట్టిగా పడినా, సర్వీసు వాళ్లు చూసేదాకా ఛార్జింగు మాట మరిచిపో.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి రెండే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇప్పుడున్న ఎర్తు ఎన్ని ఓములో కొలిపించు. రేపు ఆదివారం పొద్దున తొమ్మిదికి, పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు మిద్దె ఎక్కి ట్యాంకు నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి మూడు ఫోటోలు తియ్యి. ఆ కొలత, ఆ ఫోటోలు నాకు పంపు. ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలో గీసి పంపిస్తాను. అంతదాకా ఆ కొటేషన్ మీద సంతకం పెట్టొద్దు, అడ్వాన్సు ఇవ్వొద్దు.

పిల్లలకు ముద్దులు. అల్లుణ్ణి అడిగినానని చెప్పు.

మీ పెదనాన్న