చెరువు సంఘం పెడుతున్న బుజ్జికి

అమ్మా బుజ్జీ,

చెరువు కోసం కాలనీ వాళ్ళంతా సంఘం పెడుతున్నారనీ, నిన్నే కార్యదర్శిగా ఎన్నుకున్నారనీ మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. ఇరిగేషన్ శాఖలో కట్టల మీద తిరిగిన వాణ్ణి కదా, హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల మీద ఎవరెవరి కళ్ళుంటాయో తెలుసు.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు, ఏడుగురు సభ్యులుండాలి, బైలాలు, అంటే సంఘం నియమాలు, రాసుకోవాలి. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించు. బిల్డర్ల చందా ముట్టొద్దు. మీ అపార్ట్‌మెంట్ల మురుగు ఎటు పోతోందో ముందు చూసుకోండి.

కరపత్రంలో మొదటి పనిగా వాకింగ్ ట్రాక్ అని వేశారట. అక్కడ ఆగు తల్లీ.

మేం అద్దెకున్న కాలనీలోనూ సంఘం ఇలాగే మొదలుపెట్టింది. అంతా మంచివాళ్ళే. ఎండాకాలంలో చెరువు లోపలికి వెళ్ళిపోయి ఉంది. ఆ నీటి అంచు చూసుకుని చుట్టూ మట్టి పోయించి, ట్రాక్ వేసి, బెంచీలు పెట్టించారు. వాన నీళ్ళు దిగే కాలువకు అడ్డమొచ్చిన చోట ఒక సిమెంటు పైపు వేసి పైన పూడ్చేశారు. చెరువు నీళ్ళు చూసుకునే ఊరి నీరటి ముసలాయన వచ్చి, ట్రాక్‌కి చాలా అవతల ఉన్న ఈతచెట్టు మొదట్లో కర్రతో గీత గీశాడు. "ఈడ దాకా నీళ్ళొస్తయి సారూ" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. వానలు పడగానే ఆ పైపు నిండి, నీళ్ళు వెనక్కి తన్ని పల్లపు వీధి ఇళ్ళలోకి చేరాయి. బియ్యం బస్తాలు తడిసి, పిల్లల పుస్తకాలు నాని, మంచాల మీదే వంటలు చేసుకున్నారు పాపం. అంతకన్నా పెద్ద నష్టం తర్వాత తెలిసింది. ట్రాక్‌కీ ఈతచెట్టుకీ మధ్య ఎండిన నేలలో రేకుల షెడ్లు లేచాయి. అడిగితే, "చెరువు హద్దు మీ ట్రాకే కదా, మేం బయటే ఉన్నాం" అన్నారు. సంఘం దగ్గర జవాబు లేదు.

అందుకే ముందు హద్దు తేల్చుకో. చెరువు హద్దుని ఎఫ్‌టీఎల్ అంటారు, ఫుల్ ట్యాంక్ లెవెల్. అంటే ఇవాళ కనిపించే నీటి అంచు కాదు. చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే రాతికట్టే అలుగు, దాని మట్టానికి నీళ్ళు నిండినప్పుడు ఎంతమేర మునుగుతుందో అంతా చెరువే. ఆ అలుగును కూడా వెళ్ళి చూడు. ప్లాట్లు మునగకుండా రాళ్ళు పగలగొట్టి మట్టం దించేసే వాళ్ళున్నారు. పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలకు తగ్గని చెరువైతే ఎఫ్‌టీఎల్ అవతల ఇంకో 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. ఊరి నక్షా, ఎఫ్‌టీఎల్ మ్యాపు సమాచార హక్కు చట్టం కింద అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పై చెరువు నుంచి నీళ్ళొచ్చే కాలువ కూడా నక్షాలో వెతుకు. మనవి గొలుసుకట్టు చెరువులు, పైన అలుగు పారితే ఆ నీళ్ళు మీ చెరువుకే రావాలి. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునగడం నువ్వూ చూశావు కదా.

చేపలు పట్టేవాళ్ళని, చాకిరేవు వాళ్ళని మొదటి మీటింగుకే పిలువు. కుర్చీల్లో కూర్చోబెట్టి మాట్లాడు. వాళ్ళు లేకుండా పెట్టేది చెరువు సంఘం ఎలా అవుతుంది?

ఇంకొక్క మాట, కోప్పడుతున్నా అనుకోకు. రాత్రిళ్ళు మట్టి పోసే టిప్పర్లని వీడియో తీయడానికి ఒక్కదానివే పోయావట. ఎంత ధైర్యమే నీకు! మళ్ళీ పోయావంటే ఊరుకోను. కట్ట మీద ఉండే ఇళ్ళవాళ్ళ చేత టిప్పర్ నంబరు రాయించు, ఫిర్యాదు సంఘం పేరున, అందరి సంతకాలతో పెట్టు. నీ ఒక్కదాని పేరు ఎక్కడా విడిగా కనబడకూడదు. చిన్నప్పుడు మా కట్ట మీద నా వేలు పట్టుకుని నడిచినదానివి, నీకేమైనా అయితే మేం తట్టుకోలేం.

నక్షా చేతికి రాగానే ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తాను. ట్రాక్ కాంట్రాక్టరుకి మాత్రం అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న