వేవ్‌లెట్‌ను ‘చిరు అల’ అనవచ్చా?

సందేహం: ఇంజిన్లలో మంట తీరును వేవ్‌లెట్లతో లెక్కగట్టడం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. సంకేతాలను, ప్రవాహాలను విడదీసి చూడటానికి గణితంలో వాడే సాధనమైన వేవ్‌లెట్‌ను ‘చిరు అల’ అన్నాను. ‘సంక్షుబ్ధ దహనం యొక్క నమూనీకరణ వేవ్‌లెట్ పద్ధతులను ఉపయోగించడం ద్వారా చేయబడుతుంది’ అన్న వాక్యం సరైనదేనా?
– ఒక ఇంజనీరింగ్ అధ్యాపకురాలు

సమాధానం: ‘చిరు అల’ మూలానికి దగ్గరే. చమురు అన్వేషణలో భూకంపన సంకేతాలను పరిశీలించిన ఫ్రెంచి ఇంజనీరు జాఁ మోర్లే, భౌతిక శాస్త్రవేత్త అలెక్స్ గ్రాస్‌మన్ 1980ల్లో ఈ గణితానికి రూపమిచ్చారు. ఫ్రెంచిలో దాని పేరు ‘ఓందలెత్’. అంటే చిన్న అలే.

అయినా ఆ మాట వద్దంటాను. వేవ్‌లెట్‌కు చిన్నతనం ముఖ్యం కాదు. ఒకే తీరుగా ఊగుతూ సాగే సైన్ తరంగానికి మొదలూ తుదీ ఉండవు. వేవ్‌లెట్ ఒకచోట లేచి, కాస్త ఊగి, అక్కడే అణగిపోతుంది. దాన్ని సాగదీయవచ్చు, కుదించవచ్చు, కావలసిన చోటికి జరపవచ్చు. గొట్టం వెడల్పంతా ఆక్రమించిన సుడిని పట్టే వేవ్‌లెట్‌ను కూడా ‘చిరు అల’ అంటే చదివేవాళ్లు తికమకపడరూ? ‘తరంగిక’ నయం. నాటిక అనగానే మనకు పొట్టి నాటకం అని కాక, అదో ప్రక్రియ అని తోస్తుంది కదా, ఇదీ అలాగే నిలబడుతుంది. ‘తరంగిణి’ అని మాత్రం రాయకండి, అది ఏరు.

‘సంక్షుబ్ధం’ (టర్బ్యులెంట్, అంటే సుళ్లు తిరుగుతూ చెదిరేది) ప్రవాహానికి చెల్లే మాటే. దహనానికి జోడించేటప్పుడు మాత్రం ఒకసారి విప్పి చెప్పాలి. అగరుబత్తి పొగ కొంత ఎత్తు వరకు నిటారుగా లేచి, ఆపైన చెదిరి సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లలో పెద్దవీ ఉంటాయి, వాటిలోంచి పుట్టిన చిన్నవీ ఉంటాయి. అలాంటి గాలిలో మంట ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర మీథేన్, గాలి కలిసి మండే పొర మందం దాదాపు అర మిల్లీమీటరే! దానికోసం దహన గది మొత్తాన్నీ లెక్కలో సన్నని గళ్లుగా కోస్తే కంప్యూటర్లు మోయలేవు. తరంగికలు మార్పు ఎక్కడ తీవ్రంగా ఉందో చెబుతాయి కాబట్టి గళ్లను అక్కడే సన్నం చేసి, మిగతాచోట వెడల్పుగా వదిలేస్తారు. ప్రవాహంలోని ముఖ్యమైన సుళ్లను పట్టుకోవడానికి కొద్ది తరంగికలే చాలునని ఫ్రాన్సుకు చెందిన మారీ ఫార్జ్, ఆమె సహచరులు చూపించారు. మీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది, దీన్ని వదలకండి.

ఇక మీ వాక్యం. వ్యాకరణం తప్పలేదు కానీ ‘యొక్క’, ‘ద్వారా’, ‘చేయబడుతుంది’ మూడూ కలిసి దాన్ని బరువెక్కించాయి. పైగా లెక్కగట్టేది ఎవరో కనబడరు. ‘సుళ్లు తిరిగే గాలిలో మంట ఎలా పాకుతుందో పరిశోధకులు తరంగికల సాయంతో లెక్కగడతారు’ అనండి. ‘నమూనీకరణ’ బదులు ‘మోడలింగ్’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు, మీ విద్యార్థులు అనేది అదే.