పింఛను కోసేస్తే జనాలు ఉచిత భోజనాల మీద పడ్తారా?

పడ్తారు. ఇందులో అడగాల్సిందేముందప్పా.

బ్రిటన్‌లో 2021 అక్టోబర్‌లో యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉండేవాళ్ళకు ఆడ సర్కారు ఇచ్చే సాయం) నుంచి వారానికి 20 పౌండ్లు తీసేసినారు, దాంతో ఫుడ్ బ్యాంకులకు, అంటే ఊరికే తిండి సరుకులిచ్చే కేంద్రాలకు పోయేవాళ్ళు పెరిగినారా, మనదగ్గర కూడా అట్లే జరుగుతాదా అని మీ ప్రశ్న. ఆ దేశం సంగతి ఆడ ఉండేవాళ్ళు చెప్పాల. నేను అనంతపురంలో మా పక్కింటి అవ్వ సంగతి చెప్తా.

అవ్వకు వితంతు పింఛను, నెలకు 4000. పోయినేడు ఉన్నట్టుండి ఆగిపాయ. కరెంటు 300 యూనిట్లు దాటిందంట. ఆ ఇంట్లో ముగ్గురు కొడుకుల సంసారాలు, పొయ్యిలు వేరే వేరే, మీటరు మాత్రం ఒకటే, అది కూడా చచ్చిపోయిన తాత పేరు మీద. అవ్వ గదిలో ఉండేది ఒక బల్బు, ఒక ఫ్యాను. ఆఫీసుకు పోతే "సిస్టంలో అట్లే చూపిస్తాంది అవ్వా" అని ఒకటే మాట. మెట్ట పదెకరాలు దాటినా అనర్హులేనంట, వాన మొగం చాటేస్తే మా సీమలో పదెకరాల చేను చెనక్కాయ విత్తనాల ఖర్చు కూడా ఇయ్యదు సామీ, ఈ రూల్స్ రాసినోళ్ళు ఒకసారి ఈపక్క వచ్చి చూస్తే బాగుండు. సరే అది వేరే కథ.

రేషన్ బియ్యం ఊరికే వస్తాయి కదా, బువ్వకేం కొదవ అనేవాళ్ళను చూస్తే నాకు మండుతాది. మనిషికి 5 కిలోలు. ఒట్టి అన్నం ఎట్ల తినాల? పప్పు, నూనె, మిరప్పొడి, గ్యాసు, అన్నీ ఆ పింఛన్లోంచే కదా. బీపీ మాత్రలు మానేస్తే పడిపోతానని భయం, అందుకని తిండి తగ్గించేసింది. కొడుకులు పెట్టరా అంటే అడిగితే పెడ్తారు. అవ్వ అడగదు.

చివరికి నేనే బండి మీద అన్న క్యాంటీన్‌కు తీసకపోయినా. 5 రూపాయల టోకెను, అన్నం, కూర, సాంబారు, పెరుగు. తెలిసినోళ్ళు చూస్తారని మొగం మీదికి కొంగు లాక్కోని గోడవైపు తిరిగి తినింది. చెయ్యి కడుక్కుంటా "చిన్నప్పుడు కరువులో మాయమ్మ నన్ను సంకనేసుకోని గంజి కేంద్రానికి పోయేదంట, మళ్ళా ఇన్నేండ్లకు లైన్లో నిలబడితి" అనింది. 1952 కరువు అది, అప్పట్లో సీమలో గంజి కేంద్రాలు పెట్టినారు. నాకు నోట మాట రాలేదు.

ఇంకోటి, భోజనం 5 రూపాయలు, ఆటోకు పోను ఇరవై రాను ఇరవై. అందుకని ఎండలో నడిచే పోయేది. ఆదివారం క్యాంటీను ఉండదు, ఆ పూట ఏం తినేదో నేనెప్పుడూ అడగలేదు. ఈ క్యాంటీన్లు కూడా 2019లో మూసేసి మళ్ళా 2024 ఆగస్టులోనే కదా తెరిచినారు, ఆ మధ్యలో పింఛను ఆగింటే ఏం చేసుండేదో.

మీటర్లు వేరు చేయించి, కాగితాలు పెట్టి తిరగ్గా తిరగ్గా నాలుగు నెలలకు పింఛను మళ్ళా పడింది. ఆగిన నెలలవి రాలేదు. తమాషా ఏందంటే ఇప్పటికీ వారానికొకసారి క్యాంటీన్‌కు పోతాంది. ఏమవ్వా ఇంకా ఎందుకు అంటే, ఆడ ఇద్దరు ముసలోళ్ళు దోస్తులైనారంట, పోకపోతే బెంగటిల్లుతారంట. ఇప్పుడు కొంగు కూడా కప్పుకోదు.