పాత కుంగ్‌ఫూ పగ సినిమాలు ఇప్పటికీ ఎందుకు కట్టిపడేస్తాయి?

కథ ముందే తెలిసిపోయినా చివరిదాకా చూస్తాం. నా దృష్టిలో దానికి కారణం పగ కాదు, సాధన. 1978లో హాంకాంగ్‌లో షా బ్రదర్స్ తీసిన 'ది 36త్ చాంబర్ ఆఫ్ షావోలిన్' చూడండి. అప్పట్లో చైనాను ఏలుతున్న మంచూల చేతిలో తనవాళ్లను పోగొట్టుకున్న కుర్రాడు షావోలిన్ ఆలయానికి చేరతాడు. అక్కడ చేతులు బార్లా చాపి నీళ్ల బకెట్లు మోయాలి. జబ్బలకు కత్తులు కట్టి ఉంటాయి. చేయి కాస్త వాలిందా, మొన డొక్కలో గుచ్చుకుంటుంది. ఆ వణికే చేతులు చూస్తుంటే మన భుజాలూ లాగేస్తాయి! సినిమాలో పెద్ద భాగం ఈ శిక్షణే. అందుకే చివర్లో అతను కొట్టే ప్రతి దెబ్బ వెనకున్న చెమట మనకు తెలుసు. దర్శకుడు లౌ కార్-లియుంగ్ స్వయంగా హంగ్ గార్ అనే కుంగ్‌ఫూ పద్ధతిలో ఆరితేరినవాడు. అందుకే అతని ఫైట్లలో మనిషి తెరమీద నిలువెల్లా కనిపిస్తాడు.