గేర్‌బాక్స్ మార్చాలా, బండి అమ్మేయాలా?

ప్రశ్న: మాది ఏడు సీట్ల ఆటోమేటిక్ ఎస్‌యూవీ. కొని ఏడేళ్ళయింది, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంకా 14 నెలల ఈఎంఐ కట్టాలి. కొన్నాళ్ళుగా 60–70 కిలోమీటర్ల వేగంలో బండి సన్నగా వణుకుతోంది. పొద్దున్నే రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఆగి, ఒక్క కుదుపుతో కదులుతోంది. వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ఎస్టిమేట్ కాగితం మీద ‘గేర్‌బాక్స్ అసెంబ్లీ – 1’, కింద లేబర్, అంతే ఉంది. మొత్తం కలిపితే బండి ధరలో మూడో వంతు. ఇలాగే అమ్మేసి కొత్తది తీసుకుందామని మావారు అంటున్నారు. అత్యవసరానికి దాచుకున్న డబ్బు తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, అమ్మేయాలా?

జవాబు: ఈ మూడింట్లో ఏదీ ఈ వారం చేయకండి. మీకిచ్చిన ఎస్టిమేట్‌లో ధర ఉంది గానీ, లోపల ఏ భాగం పాడైందో లేదు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఆయిల్ మార్పుతో పోయే కారణాల వల్లా రావచ్చు, గేర్‌బాక్స్ విప్పాల్సిన కారణాల వల్లా రావచ్చు. ఆ రెంటి ఖర్చుకీ మధ్య తేడా పది రెట్ల పైమాటే. కాబట్టి మొదట ఖర్చు పెట్టాల్సింది పరీక్షల మీద.

వణుకు సంగతి ముందు చూద్దాం. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నిలకడగా వెళ్తున్నప్పుడు అందులోని లాకప్ క్లచ్ పట్టుకుని రెంటినీ నేరుగా కలుపుతుంది. ఆయిల్ పాతబడి దానిలో కలిపే రసాయనాల బలం తగ్గితే ఆ క్లచ్ సాఫీగా పట్టదు. పట్టి వదిలి, పట్టి వదిలి, వరుసగా సన్నని గతుకుల మీద వెళ్తున్నట్టు వణికిస్తుంది. దీనికి మంచి పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తున్న వేగంలో యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. బ్రేక్ స్విచ్ పడగానే చాలా బళ్ళలో లాకప్ విడిపోతుంది. ఆ క్షణంలోనే వణుకు ఆగి, కాలు తీసిన కాసేపటికి మళ్ళీ వస్తే అనుమానం లాకప్ మీదే. ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్ (సిలిండర్లో ఇంధనం సరిగ్గా మండకపోవడం), టైర్ల బ్యాలెన్సింగ్, డ్రైవ్ షాఫ్ట్ వైపు చూడాలి. అలవాటు లేని ఎడమ కాలు పెడల్‌ని గట్టిగా తొక్కేస్తుంది. అందుకే మెకానిక్‌ని నడపమని, మీరు పక్కన కూర్చుని చూడండి.

రివర్స్ ఆలస్యం గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడికి సంబంధించినది. ఆయిల్ మట్టం తగ్గినా, రబ్బరు సీళ్ళు గట్టిపడినా, ఆయిల్‌ని ఎటు పంపాలో చూసే వాల్వ్ బాడీలో వాల్వులు అరిగినా, వాటిని కరెంటుతో నడిపే సోలినాయిడ్ మొరాయించినా ఒత్తిడి వెంటనే పుట్టదు. చల్లగా ఉన్నప్పుడు ఆలస్యమై, వేడెక్కాక సరిగ్గా పడుతుంటే మట్టాన్నీ సీళ్ళనూ ముందు అనుమానించాలి. వేడెక్కే కొద్దీ ఇంకా పాడవుతుంటే లోపల అరుగుదల ఎక్కువగా ఉందని అర్థం.

మీ బండిలో సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో పనిచేసేది) గానీ డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేది) గానీ ఉంటే లెక్క కొంచెం మారుతుంది. డ్యూయల్ క్లచ్‌లో బండి కదిలేటప్పుడు వణికితే చాలాసార్లు క్లచ్ ప్యాక్ మారిస్తే సరిపోతుంది, గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. సీవీటీలో బెల్టు జారడం మొదలైతే మాత్రం పుల్లీలు త్వరగా గీరుకుపోతాయి, అక్కడ ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు చేయించాల్సిన పరీక్షలు. గేర్‌బాక్స్ పని మాత్రమే చేసే వర్క్‌షాప్‌కి, ఎస్టిమేట్ ఇచ్చినవాళ్ళతో సంబంధం లేని చోటికి తీసుకెళ్ళండి. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ని కూడా చదవగలిగే స్కానర్ ఉందా అని ఫోన్‌లోనే అడగండి. అందులో నమోదైన లోపాల కోడ్‌లు చెరిపేయకముందే ప్రింట్ తీసి మీ చేతికివ్వమనండి. పీ0700 ఒక్కటే వస్తే అది సమాధానం కాదు, ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్లో వేరే కోడ్ ఉందని చెప్పే గంట మాత్రమే. పీ0741 వస్తే లాకప్ పట్టడం లేదని అర్థం. పీ0730 అంటే గేర్ నిష్పత్తి తప్పుతోంది, అంటే లోపల జారుతోంది. ఇది పెద్ద ఖర్చుకి సూచన. పీ0715, పీ0720 వేగం కొలిచే సెన్సర్ల సర్క్యూట్‌కి చెందినవి. సెన్సరో వైరో మార్చి బయటపడిన బళ్ళెన్నో ఉంటాయి.

అదే రోజు బ్యాటరీ కూడా చూడమనండి. ఆపి ఉంచిన బండిలో 12.4–12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14కి దగ్గరగా ఉండాలి. వోల్టేజీ తగ్గితే సోలినాయిడ్లు తప్పుగా పనిచేసి గేర్లు కుదుపుతాయి. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటు చీలినా రివర్స్ వేసినప్పుడు ఇదే కుదుపు వస్తుంది.

తర్వాత ఆయిల్. ఈ కాలపు చాలా గేర్‌బాక్సులకు డిప్‌స్టిక్ ఉండదు. బండిని లిఫ్ట్ మీద సమంగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో (చాలా మోడళ్ళలో 40 డిగ్రీల చుట్టుపక్కల) ఓవర్‌ఫ్లో ప్లగ్ తీసి మట్టం చూడాలి. ఇంజిన్ ఆపి చూసిన మట్టాన్ని నమ్మకండి.

ప్యాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పేటప్పుడు మీరు తప్పకుండా అక్కడ ఉండండి. అడుగున చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిదరంగు మెత్తని పేస్టు ఉంటే భయపడనక్కర్లేదు, అది లక్ష కిలోమీటర్ల మామూలు అరుగుదల. వేలితో రుద్దితే కాటుకలా నునుపుగా ఉంటుంది. గోరుకి తగిలే లోహపు పలుకులు, సన్నని ముక్కలు కనిపిస్తే గేర్లో బేరింగ్లో పోతున్నాయి. ఒక చుక్క ఆయిల్ తెల్లని టిష్యూ మీద వేయండి. గోధుమరంగులో విస్తరిస్తే ముసలి ఆయిల్. నల్లగా, మాడిన వాసనతో, మధ్యలో మసి చుక్క నిలిచిపోతే క్లచ్ ప్లేట్లు కాలాయి. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్లోని కూలర్ పగిలి కూలెంట్ కలిసింది. అది వేరే కథ, బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. ఆ ప్యాన్‌నీ, అయస్కాంతాల్నీ ఫోటోలు తీసి ఉంచుకోండి. రేపు ఎవరితో మాట్లాడాలన్నా అవే మీ ఆధారం.

పేస్టు మాత్రమే ఉండి, జారుడు కోడ్ లేకపోతే మొదటి ఖర్చు ఆయిల్, ఫిల్టర్. ‘జీవితకాలం మార్చనక్కర్లేదు’ అని రాసిన గేర్‌బాక్సులకూ ఇది వర్తిస్తుంది. పెద్ద గేర్‌బాక్స్ తయారీ సంస్థ జెడ్‌ఎఫ్ తన గేర్‌బాక్సులకు వాడకాన్ని బట్టి 80,000–1,20,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమనే చెబుతుంది. ప్యాన్ నుంచి తీస్తే సగం ఆయిలే బయటికొస్తుంది, మిగతాది కన్వర్టర్లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. 8 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో 4 తీసి 4 పోస్తే కొత్త ఆయిల్ 50 శాతం. 200–300 కిలోమీటర్లు నడిపి మళ్ళీ చేస్తే 75, మూడోసారికి 87.5 శాతం. అందుకే ఒక్కసారి మార్చి ‘తగ్గలేదు’ అని తేల్చేయకండి. డబ్బా మీద మీ మాన్యువల్లో ఉన్న స్పెసిఫికేషనే ఉండాలి. అన్ని బళ్ళకూ పనికొస్తుందనే ఆయిల్‌తో ఆదా చేయబోతే గేర్‌బాక్సే పోతుంది. ఆయిల్ ఇప్పటికే మాడి నల్లబడి ఉంటే మాత్రం ఈ ఖర్చు దండగ, నేరుగా రిపేరు లెక్కకి వెళ్ళాలి.

ఈలోగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే అక్కడే ఆపేయండి. జారే క్లచ్ నుంచి రాలిన పొడి వాల్వ్ బాడీలోకి, కూలర్లోకి పోయి చిన్న రిపేరుని పెద్దది చేస్తుంది. నాలుగు చక్రాల డ్రైవ్ అయితే చక్రాలు నేల మీద ఉంచి లాగనివ్వకండి, మొత్తం బండిని ఎక్కించుకునే ట్రక్కునే పిలవండి.

వారంటీ కాగితాలు మళ్ళీ చదవండి. మామూలు వారంటీ ముగిసినా, ఒక మోడల్‌లో ఒకే లోపం ఎక్కువగా వస్తే కంపెనీలు ఒక్కోసారి గడువు పెంచుతాయి. నిస్సాన్ 2009లో అమెరికాలో తన సీవీటీ మోడళ్ళకు 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళున్న వారంటీని 10 ఏళ్ళు లేదా 1,20,000 మైళ్ళకు పెంచింది. మీ మోడల్‌కి గడువు పొడిగింపుగానీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గానీ ఉందేమో కంపెనీ కస్టమర్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. లేకపోయినా, సర్వీసు రికార్డులు జతచేసి ఖర్చులో కొంత భరించమని అడగండి. నోటిమాటగా కౌంటర్లో అడిగినదానికి విలువ ఉండదు. మామూలు బీమా అరుగుదలని కవర్ చేయదు. రాయి తగిలి ప్యాన్ పగిలితే అది ప్రమాదం, అది అడగొచ్చు.

ఇక డబ్బు లెక్క. పరీక్షల తర్వాత కూడా గేర్‌బాక్స్ మార్చాల్సిందే అని తేలిందనుకుందాం. నడిచే స్థితిలో మీ బండి విలువ 100 అనుకోండి. మార్చడానికి 34. ఇలాగే అమ్మితే కొనేవాడు గేర్‌బాక్స్ ఖర్చుతో పాటు తన రిస్కు కూడా తగ్గించుకుని 58 ఇస్తాడనుకుందాం. మీ నష్టం 42. బాగుచేయించి అమ్మితే గేర్‌బాక్స్ మార్చిన బండి అని కాస్త తగ్గించి 95 వచ్చినా, మీ నష్టం 34 ప్లస్ 5, అంటే 39. చూశారా, ఉన్నదున్నట్టు అమ్మడం వల్ల మిగిలేదేమీ లేదు. మీవారి ఆలోచనలో లోటు ఇక్కడే ఉంది: రిపేరు ఖర్చు తప్పించుకున్నామని అనిపిస్తుంది, కానీ అది అమ్మకపు ధరలో కోతగా పోతుంది.

అక్కడితో ఆగదు. మిగిలిన లోన్ 22 ఉందనుకుంటే, 58లో అది తీర్చాక చేతికి 36. అదే తరగతి కొత్త బండి 250 అయితే, 200కి లోన్ రావాలంటే 50 కట్టాలి. ఇంకా 14 మీ జేబులోంచే వేయాలి. ఆపైన 10 శాతం వడ్డీకి అయిదేళ్ళ ఈఎంఐ నెలకి 4.25. పాత బండిని బాగుచేయించి మూడేళ్ళు వాడితే ఆ 34 నెలకి 0.94 పడుతుంది. పాత బండికి ఇతర మరమ్మతులు ఏటా 8 అయినా కలిపి సుమారు 1.6 అవుతుంది, అంతే. నా అంకెల స్థానంలో మీ ఎస్టిమేటూ, ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులు చెప్పిన నిజమైన ధరా పెట్టి ఇదే లెక్క మళ్ళీ వేయండి. ఇప్పటివరకు ఈ బండి మీద ఎంత పెట్టామన్నది లెక్కలోకి తీసుకోకండి, అది ఏ దారిలోనూ తిరిగి రాదు.

రిపేరు ఖర్చు నడిచే విలువలో సగం దాటితే, లేదా ఇంజిన్ ఆయిల్ తాగడం, టర్బో, ఛాసిస్ తుప్పు లాంటి రెండో పెద్ద ఖర్చు కూడా కనిపిస్తుంటే, అప్పుడు అమ్మమనే చెబుతాను. లోపం దాచకుండా, పరీక్షల రిపోర్టుతో సహా చూపించి అమ్మండి. ఏ భాగం పోయిందో తెలిసిన బండికి, తెలియని బండికన్నా మంచి ధరే వస్తుంది.

బాగుచేయించడానికే నిర్ణయిస్తే ఎస్టిమేట్ మళ్ళీ రాయించుకోండి. కొత్త గేర్‌బాక్సా, ఫ్యాక్టరీలో తిరిగి తయారుచేసిందా, మీదే విప్పి ఓవర్‌హాల్ చేస్తారా, వేరే బండి నుంచి తీసిందా అన్నది స్పష్టంగా ఉండాలి. నాలుగోది అన్నిటికన్నా చవక, దాని చరిత్ర మాత్రం తెలియదు. టార్క్ కన్వర్టర్ కలిపి ఉందా, ఆయిల్ ఎన్ని లీటర్లు, కంప్యూటర్ ప్రోగ్రామింగూ అడాప్టేషనూ (కొత్త గేర్‌బాక్స్‌కి తగ్గట్టు కంప్యూటర్ని సర్దడం) ఎవరు చేస్తారు, పాత గేర్‌బాక్స్ వెనక్కిస్తే ఎంత తగ్గిస్తారు, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. ముఖ్యంగా ఆయిల్ కూలర్ మారుస్తారా అని అడగండి. పాత కూలర్లో ఇరుక్కున్న లోహపు పొడి కొత్త గేర్‌బాక్స్‌లోకి కొట్టుకొచ్చి దాన్నీ చంపేస్తుంది. వారంటీ నెలల్లోనూ కిలోమీటర్లలోనూ ఉండాలి. మళ్ళీ పాడైతే లేబర్ కూడా వాళ్ళదేనా అన్నది రాసి ఉండాలి.

డబ్బు ఎక్కడిదంటారా, అత్యవసర నిధి ఉన్నది ఇలాంటి రోజుకే. తీయడానికి సంకోచించకండి. మూడు నెలల ఇంటి ఖర్చు మాత్రం కదపకుండా ఉంచి, పైన ఉన్నది వాడండి. చాలకపోతే తక్కువ పడిన మొత్తానికే పర్సనల్ లోన్ తీసుకోండి. దాని గడువు కొత్త గేర్‌బాక్స్ వారంటీ కన్నా ఎక్కువ ఉండకూడదు. 12 నెలల వారంటీ ఉంటే 12 నెలల లోన్, అంతే. వారంటీ అయిపోయాక కూడా పాత రిపేరుకి వాయిదాలు కడుతూ ఉంటే, ఆ టైములో మళ్ళీ ఏదైనా పోతే రెండు భారాలు ఒకేసారి మీద పడతాయి. క్రెడిట్ కార్డు మీద పెట్టి మినిమమ్ కడుతూ పోవడం వద్దే వద్దు. 14 నెలల తర్వాత బండి లోన్ తీరిపోతుంది కదా, ఆ ఈఎంఐ తేదీనే అందులో సగం అత్యవసర నిధికి వెళ్ళేలా బ్యాంకులో ఇప్పుడే ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టించండి.