సున్నా చుట్టని తేదీ ఖాళీ తేదీ కాదు

ప్రశ్న ఇది: "మా ఊళ్లో 120 కుర్చీల చిన్న నాటకశాల ఉంది. నడిపేవాళ్లంతా పగలు సొంత పనులు చూసుకుని సాయంత్రాలు వచ్చేవాళ్లే. వచ్చే ఆరు నెలల కార్యక్రమాల పట్టిక తయారైంది. జనం రావాలంటే దీన్ని ఎలా ప్రకటించాలి?"

ప్రకటన సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పట్టికలో ఎన్ని కార్యక్రమాలున్నాయో లెక్కపెట్టండి. ఆరు నెలలకి ఎనిమిది దాటితే అందులో రెండు మూడు జరగవు. జరిగినా ఆ తేదీన జరగవు. పట్టిక వేసేవాళ్లు క్యాలెండర్ ముందేసుకుని శనివారాలకి సున్నాలు చుడతారు, సున్నా లేని రోజు ఖాళీ అనుకుంటారు. చిన్న నాటకశాలల్ని ముంచేది ఈ లెక్కే. పోస్టరు బాగోలేక మూతపడ్డ హాలు ఎక్కడైనా ఉందంటే నేను నమ్మను.

రెండు గంటల నాటకం, ఆరుగురు నటులు అనుకోండి. వారానికి మూడు సాయంత్రాలు, పూటకి రెండున్నర గంటలు, ఎనిమిది వారాలు: మొత్తం 60 గంటలు. తగ్గించొచ్చు గానీ, తగ్గించిన ప్రతి గంటా ఆట రోజున, తెర చాటు నుంచి మాటలందించే ప్రాంప్టర్ గొంతులో వినబడుతుంది. నాలుగో వారం చివరికి పోర్షన్, అంటే ఎవరి డైలాగులు వాళ్లకి, నోటికి వచ్చెయ్యాలి, ఆరో వారం నుంచి ఎవరి చేతిలోనూ కాగితం కనబడకూడదు. మొదటి ఏడు వారాలకీ హాలు అక్కర్లేదు. స్టేజీ వెడల్పూ లోతూ కొలిచి, ఆ కొలతకి ఏ గది నేల మీదైనా సుద్దముక్కతో గీసుకుంటే చాలు. తలుపెక్కడో, బల్లెక్కడో కూడా గీయాలి. అది గీయకపోతే నటులు గది గోడల్ని బట్టి నడక అలవాటు చేసుకుంటారు. తీరా స్టేజీ ఎక్కాక రెండడుగులు ఎక్కువ వేసి, సగం డైలాగు వింగు (స్టేజీ పక్కనుండే అడ్డు) చాటున చెప్పేస్తారు.

ఎనిమిదో వారం మాత్రం హాలే కావాలి, అదీ పూర్తిగా. సోమవారం సెట్టు నిలబెట్టాలి. మంగళవారం లైట్లు కట్టి, చీకటి పడ్డాక ఫోకస్ చేయాలి, అంటే ఏ లైటు ఎక్కడ పడాలో గురిపెట్టాలి. పగలు చేస్తే కిటికీల సందుల్లోంచి వచ్చే వెలుతురుకి ఏ లైటు ఎక్కడ తగ్గిందో కనబడదు. బుధవారం క్యూల (లైట్లు మార్చాల్సిన గుర్తుల) రిహార్సల్: డైలాగులన్నీ చెప్పక్కర్లేదు, ఒక లైటు మారే చోటు నుంచి ఇంకో లైటు మారే చోటికి దూకుతూ పోవడమే. ఒక్కో క్యూకి మూడు నిమిషాలు వేసుకోండి. అరవై క్యూలుంటే మూడు గంటలు. గురు, శుక్రవారాలు మేకప్పుతో, దుస్తులతో పూర్తి రిహార్సళ్లు. శని, ఆదివారాలు ఆట. ఆఖరి ఆట అయిన ఆదివారం రాత్రే సెట్టు విప్పాలి. సోమవారం విప్పుదాంలే అనుకుంటే ఆ రోజు ఇద్దరు కూడా రారు.

అంటే పట్టికలో "నాటకం, శని-ఆది" అన్న ఒక్క వరస వెనకాల ఏడు రోజుల హాలు ఉంది. ఇది తెలియని కమిటీ ఏం చేస్తుందంటే, మధ్యలో శుక్రవారం ఖాళీగా కనబడింది కదా అని పిల్లల డాన్సు కార్యక్రమానికి ఇచ్చేస్తుంది. "ఒక్క రెండు గంటలేగా" అంటారు. ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయో చూడండి.

డాన్సు వాళ్లకి స్టేజీ అంతా కావాలి. సెట్టులో తలుపున్న ఫ్లాటు (గోడలా నిలబెట్టే చట్రం) అడ్డం. దాని వెనక ఊతకర్ర మీద పెట్టిన బరువు తీసి, ఇద్దరు కలిసి వింగులోకి జరుపుతారు. బల్ల, రెండు కుర్చీలు పక్కకి పోతాయి. వాటి కాళ్ల చోట నేల మీద అంటించిన టేపు ముక్కలు పిల్లల కాళ్లకి తగులుకుంటున్నాయని ఎవరో పీకేస్తారు. ముందు లైట్లలో రెండిటికి ఎర్ర కాగితం, రెండిటికి నీలం కాగితం తగిలిస్తారు. స్టేజీ మధ్యకి వెలుగు చాల్లేదని రెండు లైట్ల మూతి కిందికి వంచుతారు. వాళ్లు చల్లే పౌడరు తుడవకుండా వదిలేస్తే, మర్నాడు తోలు చెప్పులేసుకున్న నటుడికి అదే జారుతుంది. తొమ్మిదిన్నరకి అయిపోవాల్సింది పదింపావుకి అవుతుంది. వంచిన లైట్లు మళ్లీ సర్దడానికి పదకొండింటికి నిచ్చెన మీద ఒకరు, కింద ఒకరు మిగులుతారు. నటులు ఇళ్లకి వెళ్లిపోయారు. కింద నిలబడ్డ మనిషి నిచ్చెన పట్టుకోవాలి కాబట్టి కుర్చీలో కూర్చోలేడు. ఖాళీ కుర్చీకే లైటు గురిపెడతారు.

మర్నాడు రెండో రంగంలో తండ్రి పాత్రధారి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. చేతులు, మోకాళ్లు దేదీప్యమానంగా వెలుగుతుంటాయి, గడ్డం పైనుంచి చీకటి. కుర్చీ పలక నేలకి 45 సెంటీమీటర్ల ఎత్తు, కూర్చున్న మనిషి ముఖం సుమారు 120, నిలబడితే 150 పైన. వెలుగు నడిమధ్య కుర్చీ పలక మీద పడితే ముఖం అంచులోకి పోతుంది, లేచి నిలబడితే తల పూర్తిగా బయటే. అనుభవమున్న నటుడు ముఖానికి వెచ్చదనం తగలడం లేదని పసిగట్టి ముందుకి వంగుతాడు. కుర్చీయేమో టేపు గుర్తు లేక అడుగు ఎడమకి జరిగి ఉంటుంది, వంగేసరికి ఉత్తరం చదువుతున్న కూతురికి అడ్డం పడతాడు. ఆవిడ పక్కకి జరుగుతుంది, అక్కడా చీకటే. వెనక వరసలవాళ్లు "లైటు, లైటు" అంటారు. లైట్ల దగ్గర కూర్చున్న కుర్రాడు కంగారులో తర్వాతి క్యూ నొక్కేస్తాడు, నాటకంలో ఇంకా సాయంత్రం కాకముందే అర్ధరాత్రి అయిపోతుంది.

ఎల్‌ఈడీ లైట్లయితే ఆ వెచ్చదనం గుర్తు కూడా ఉండదు. అందుకే ఫోకస్ చేసేటప్పుడు మనిషి కూర్చునీ నిలబడీ చూపించాలి. ఎవరూ దొరక్కపోతే కర్రకి 120 దగ్గరా 160 దగ్గరా తెల్లగుడ్డ చుట్టి నిలబెట్టండి.

హాలు ఇవ్వక తప్పని రోజులుంటాయి, ఆ అద్దె డబ్బుతోనే కరెంటు బిల్లు కట్టాలి, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు సెట్టు ముందు ఒక తెర దించి, దాని ముందున్న జాగా మాత్రమే ఇస్తున్నామని ముందే కాగితం మీద రాయించుకోండి. మీ లైట్లు ముట్టుకోనివ్వకండి, బయటివాళ్లకని రెండు స్టాండ్ల మీద నాలుగు ఎల్‌ఈడీలు విడిగా ఉంచండి. వాళ్లు సొంత లైట్లు తెచ్చుకుంటే ఎన్ని వాట్లో అడగండి. వెయ్యి వాట్ల పాత లైటు 230 వోల్టుల మీద దాదాపు 4.3 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల లైనుకి మూడు పెట్టొచ్చు. నాలుగోది పెడితే 17 దాటుతుంది. వెంటనే ట్రిప్ అయినా బాగుండును, కాసేపు వెలిగి సరిగ్గా ప్రధాన నృత్యం మధ్యలో పోవచ్చు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండా వాడటం ఇంకో పాడు అలవాటు. చుట్టలో వేడి బయటికి పోయే దారి లేక పైపూత మెత్తబడి కరుగుతుంది. వైరు ఎంత పొడుగున్నా పూర్తిగా విప్పి నేల మీద పరవాల్సిందే.

ఇక ఏ నెలలో ఏది. మీ హాలుకి రేకుల కప్పయితే వర్షాకాలంలో మాటల మీద నడిచే నాటకం పెట్టకండి. గట్టి వాన పడితే రేకుల మోతకి మూడో వరస దాటి ఒక్క మాటా వినబడదు. మైకు పెంచితే సరిపోతుందనుకుంటారు, పెంచేకొద్దీ అది కూత పెడుతుంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి దూరి తిరగడం వల్ల వచ్చే కూత అది, స్పీకర్లని మైకుల కన్నా ముందుకి, జనం వైపుకి జరిపితే కొంత తగ్గుతుంది గానీ వానని గెలవదు. ఆ నెలలకి సంగీతం, డాన్సు, మూకాభినయం, తోలుబొమ్మలు పెట్టుకోండి. నాట్లప్పుడూ కోతలప్పుడూ ఏదీ వద్దు, పొద్దున్నే లేవాల్సిన జనం రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చోరు. పరీక్షల నెలలో పిల్లల నాటకం పెట్టే కమిటీలున్నాయి, వాళ్లకో నమస్కారం.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచి, సైకిళ్ల మీద వచ్చేవాళ్లుంటే చంద్రుణ్ణి చూసి తేదీ పెట్టండి. పున్నమికి ముందు వారమే మంచిది. అప్పుడు పొద్దుగూకేసరికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు, ఆట అయ్యాక దారంతా వెలుగు. పున్నమి దాటాక రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యంగా వస్తాడు, నాలుగు రోజులయ్యేసరికి జనం ఇల్లు చేరాకే కనబడతాడు. పాతకాలం ఆలోచన అని నవ్వేవాళ్లు వీధిదీపాల్లేని దారిలో ముసలివాళ్లని వెంటబెట్టుకుని ఒకసారి నడిచి రావాలి.

మార్చి 27 గురించి ఒక మాట. ప్రపంచ రంగస్థల దినోత్సవం 1962 నుంచి జరుగుతోంది, మంచిదే. కానీ అదే రోజు ప్రతి బృందమూ ఆట పెట్టుకుంటుంది, లైట్లు అద్దెకిచ్చేవాళ్లు దొరకరు, మేకప్పు మనిషి మూడు చోట్ల ఒప్పుకుని మూడు చోట్లా ఆలస్యంగా వస్తాడు. చిన్న హాలు వాళ్లు ఏప్రిల్ మొదటి వారంలో పెట్టుకుంటే అవే లైట్లు, అదే మనిషి, ఏ తొందరా లేకుండా దొరుకుతారు.

పట్టిక బయటపెట్టే ముందు రచయిత అనుమతి చేతిలో ఉండాలి. "పాత నాటకమేగా" అనొద్దు. రచయితల హక్కుల మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత చనిపోయాక కనీసం 50 ఏళ్ల దాకా నాటకం మీద హక్కు ఉంటుంది, చాలా దేశాల్లో 70, భారతదేశంలో 60. మూలం హక్కులు ఎప్పుడో తీరిపోయినా, మీరు ఆడేది అనువాదమైతే దానికి విడిగా హక్కుంటుంది. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. పేరు ప్రకటించాక అనుమతి రాకపోతే "నాటకం మారినది" అని పోస్టరు మీద చీటీ అంటించుకోవాలి. ఆ చీటీ చూసినవాళ్లు తర్వాతి పోస్టరునీ అనుమానంగానే చూస్తారు.

కుర్చీలు 120 అన్నారు కదా, టికెట్లు 110కి మించి అచ్చు వేయించకండి. సౌండు బల్ల హాలు చివర మధ్యలో ఉండాలి, లేకపోతే నడిపేవాడికి జనం వినేది వినబడదు. దానికే ఆరు కుర్చీలు పోతాయి. స్తంభం వెనకవీ విరిగినవీ కలిపి ఇంకో నాలుగు. హౌస్‌ఫుల్ అయిన సంబరంలో నడవల్లో కుర్చీలు వేయడం మాత్రం క్షమించరాని పని. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరోకోయ్ నాటకశాల తగలబడి 600 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు హాలు కిక్కిరిసి ఉంది, తలుపులు కొన్ని తాళం వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. మీ హాలు తలుపులు ఎటు తెరుచుకుంటాయో ఈ సాయంత్రమే చూడండి.

ఇప్పుడు ప్రకటన. పోస్టరు మీద కమిటీ సభ్యుల ఫోటోలు పన్నెండు, ఆట ఎన్నింటికో ఎక్కడా ఉండదు. ఉన్నా "సాయంత్రం 6 గంటలకు" అని ఉంటుంది, ఆరింటికి మొదలయ్యేవి ఉపన్యాసాలు, తెర లేచేది ఏడుంపావుకి. జనం ఒకటి రెండుసార్లు మోసపోయి, ఆపైన వాళ్లే ఏడుంపావుకి రావడం మొదలుపెడతారు. అప్పుడు "మన జనానికి టైమంటే లెక్కలేదు" అని కమిటీ విసుక్కుంటుంది. ఉపన్యాసాలు, సన్మానాలు నాటకం అయ్యాక పెట్టండి, ఉండేవాళ్లు ఉంటారు. పోస్టరు మీద తెర లేచే టైము, ఆట ముగిసే టైము, రెండూ వేయండి. ఆఖరి బస్సు తొమ్మిది నలభైకైతే ఆట తొమ్మిదింపావుకి అయిపోవాలి, ఆ సంగతీ వేయండి. ముగిసే టైము తెలియక రాని జనం మీరనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

బోర్డు మీద ఆరు నెలల పట్టిక మొత్తం పెట్టకండి. ఖాయమైనవి ఒక పక్క పెయింటుతో, ఇంకా ఖాయం కానివి రెండో పక్క సుద్దతో, తేదీ లేకుండా నెల పేరు మాత్రమే రాయండి. అనుమతి, నటులు, హాలు వారం, లైట్లు, ఈ నాలుగూ చేతికొచ్చాకే సుద్ద వైపు నుంచి పెయింటు వైపుకి రావాలి. ఒకే నాటకం రెండు వారాంతాలు ఆడించండి, మొదటి శనివారం చూసినవాళ్లు వారమంతా పదిమందికి చెప్పడమే చిన్న ఊళ్లో అసలు ప్రచారం. ఏదైనా ఆట ఆగిపోతే దాని పోస్టరు చింపేయకండి. కొత్త తేదీ పెద్దక్షరాలతో దాని మీద అడ్డంగా రాసి, పాత తేదీ దాటేదాకా అక్కడే ఉంచండి. ఆ సాయంత్రం సంగతి తెలియక నాలుగు మైళ్లు నడిచొచ్చిన వాళ్లకి గేటు దగ్గర ఒక మనిషి కూడా ఉండాలి, టార్చిలైటుతో.